కర్త ఎవరో చెప్పక్కర్లేనప్పుడు: పాసివ్ వాయిస్ గురించి పర్లాకిమిడిలో ఒక ప్రసంగం

(ఒడిశాలోని పర్లాకిమిడిలో పదో తరగతి పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, కొందరు ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసి పెట్టాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. పిల్లలూ, వెనకాల కూర్చున్నవాళ్ళు ముందుకి రండి. ఇవాళ బోర్డు మీద పని చాలా ఉంది, అక్కణ్ణించి అక్షరాలు కనబడవు. అమ్మా, మీరు కూడా రండి, ఇది పిల్లలకే కాదు. ఎప్పుడో ఒకప్పుడు ఆఫీసుకి ఒక కాగితం రాయాల్సిన ప్రతివాళ్ళకీ పనికొచ్చే విషయమే.

ఇవాళ్టి పాఠం యాక్టివ్ వాయిసు, పాసివ్ వాయిసు. మీకు కొత్త కాదు. కింది తరగతుల నుంచీ చేస్తూనే ఉన్నారు. "రామా కిల్డ్ రావణా." మార్చండి. "రావణా వాజ్ కిల్డ్ బై రామా." చూశారా, అడగ్గానే అందరూ ఒక్క గొంతుతో చెప్పేశారు. ముందున్నది వెనక్కి, వెనకున్నది ముందుకి, మధ్యలో ఒక వాజ్, చివర ఒక బై. మార్కు వచ్చేసింది. బాగుంది.

ఇప్పుడు నేనొకటి అడుగుతాను, నిజం చెప్పాలి. పరీక్ష హాల్లో కాకుండా బయట, ఎవరూ మార్చమని అడక్కుండా, మీ అంతట మీరు ఒక పాసివ్ వాక్యం ఎప్పుడైనా రాశారా? ఉత్తరంలో గాని, లీవు లెటర్లో గాని, వ్యాసంలో గాని? రాసినవాళ్ళు చెయ్యెత్తండి. ఇంత పెద్ద హాల్లో ఒక్క అమ్మాయి ఎత్తింది. నీకు మంచి అలవాటు ఉందమ్మా. మిగతావాళ్ళ సంగతేమిటి? మార్చడం వచ్చు, వాడడం రాదు. నన్ను బాధపెట్టేది ఇదే. పుస్తకం మార్చమంటుంది. ఎందుకు మార్చాలో చెప్పదు. ఎందుకో తెలియని పని ఎన్నిసార్లు చేసినా చేతికి రాదు. కాబట్టి ఇవాళ ముందు "ఎందుకు", తర్వాతే "ఎలా".

మన ఊరి రైలే తీసుకుందాం. నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న లైను 1900లో మొదలైంది. అది వేయించింది ఎవరు? రాజా గారు, గౌరచంద్ర గజపతి నారాయణ దేవ్ గారు. బోర్డు మీద రెండు వాక్యాలు రాస్తున్నాను చూడండి. "ద రాజా బిల్ట్ ద రైల్వే." రెండోది, "ద రైల్వే వాజ్ బిల్ట్ బై ద రాజా." రెండింట్లోనూ ఉన్నది ఒకటే సంగతి, రెండూ నిజమే. మరి ఏది రాయాలి?

ఏది రాయాలో తెలియాలంటే మీరు ఎవరి గురించి రాస్తున్నారో తెలియాలి. రాజా గారి మీద వ్యాసం రాస్తున్నారనుకోండి. ఆయన ఫలానా చేశారు, ఫలానా చేశారు, రైలు వేయించారు. అక్కడ మొదటిది. అలా కాకుండా "మన ఊరి రైలు" అని వ్యాసం రాస్తున్నారనుకోండి. అక్కడ మొదటి మాట రైలే కావాలి, చదివేవాడి కన్ను రైలు మీదే ఉండాలి. అక్కడ రెండోది. వాక్యంలో మొదటి కుర్చీ ఎవరికి వెయ్యాలి అన్నది మీ ఇష్టం. ఆ ఇష్టం తీర్చడానికే ఇంగ్లీషువాడు పాసివ్ పెట్టుకున్నాడు. అంతే తప్ప పరీక్షలో తలకిందులు చేయించడానికి కాదు.

ఆ రైలు వ్యాసాన్ని ఇంకో రెండడుగులు ముందుకి తీసుకెళ్దాం. రాసుకోండి. "ద లైన్ వాజ్ ఓపెన్డ్ ఇన్ 1900. లేటర్ ఇట్ వాజ్ ఎక్స్‌టెండెడ్ టు గుణుపూర్. నౌ ఇట్ హాజ్ బీన్ కన్వర్టెడ్ టు బ్రాడ్ గేజ్." మూడు వాక్యాలు. మూడూ పాసివ్. ఇప్పుడు చూసి చెప్పండి, ఇందులో "బై" ఎన్నిసార్లు వచ్చింది? చెప్పండి. ఒక్కసారీ రాలేదు! వాక్యం తప్పయిందా? కాలేదు. "సార్, బై లేకుండా పాసివ్ ఎలాగండి" అని ఆ బాబు అంటున్నాడు. మంచి ప్రశ్న. పుస్తకంలో ప్రతి జవాబు చివరా బై ఉంటుంది గనక బై ఉంటేనే పాసివ్ అనుకుంటాం. నిజంగా ఇంగ్లీషు రాసేవాళ్ళ రాతల్లో చూడండి, పేపరు చూడండి, పాసివ్ వాక్యాల్లో ఎక్కువ భాగానికి బై ఉండదు. చేసినవాడు ఎవరో తెలియనప్పుడు, తెలిసినా చెప్పక్కర్లేనప్పుడు, అందరికీ తెలిసిందే అయినప్పుడు బై ఎందుకు? లైను పొడిగించింది ఎవరు అన్నది ఆ వ్యాసానికి అక్కర్లేదు. పొడిగించారు, అంతే.

"పొడిగించారు." ఇప్పుడే నా నోట్లోంచి వచ్చిన ఈ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి.

పై మూడు వాక్యాలూ మనం ఇంట్లో ఎలా చెప్పుకుంటాం? "లైను 1900లో తెరిచారు. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. ఇప్పుడు పెద్ద లైను చేశారు." తెరిచారు, ఎవరు? పొడిగించారు, ఎవరు? చేశారు, ఎవరు? ఎవరూ లేరు! "వాళ్ళు" అని కూడా అనలేదు. తెలుగు వాక్యానికి కర్త లేకపోయినా ఏ ఇబ్బందీ లేదు. క్రియ చివర "ఆరు" అని ఒక్క ముక్క చేరిస్తే చాలు, ఎవరో చేశారని అర్థమైపోతుంది. "మా వీధిలో కొళాయి వేశారు." "పెద్దోణ్ణి హాస్టల్లో చేర్చారు." "సంత గురువారానికి మార్చారు." రోజూ అనే మాటలే ఇవి.

ఇంగ్లీషు వాక్యానికి ఆ సౌకర్యం లేదు. మొదటి కుర్చీ ఖాళీగా ఉంటే ఆ వాక్యం నిలబడదు. మనవాళ్ళు ఇక్కడే తడబడతారు. "సంత గురువారానికి మార్చారు" అన్నది ఇంగ్లీషులో రాయమంటే కొందరు "చేంజ్డ్ ద మార్కెట్ టు థర్స్‌డే" అని రాస్తారు. కర్త లేదు, తప్పు. కొందరు "దే చేంజ్డ్ ద మార్కెట్ టు థర్స్‌డే" అంటారు. తప్పు కాదు గాని, దే అంటే ఎవరయ్యా అని చదివేవాడు వెతుక్కోవాలి. "ద మార్కెట్ వాజ్ షిఫ్టెడ్ టు థర్స్‌డే." ఇదీ వాక్యం. ఖాళీ కుర్చీలో కర్మ వచ్చి కూర్చుంది.

ఇవాళ మీరు ఇంటికి తీసుకెళ్ళాల్సింది ఇదొక్కటే. మీ మనసులోని తెలుగు వాక్యంలో కర్త లేకుండా "చేశారు, వేశారు, ఇచ్చారు" వచ్చిందంటే, ఇంగ్లీషులో అక్కడ పాసివ్ పెట్టి చూడండి. నూటికి నూరుపాళ్ళూ కాదు, చాలా చోట్ల సరిపోతుంది. మళ్ళీ చెబుతున్నాను, కర్త లేని "ఆరు" కనబడితే పాసివ్.

మరి తెలుగులో "బడు" ఉంది కదా మాస్టారూ, చంపబడెను, రాయబడెను అని మాకు నేర్పారు కదా అంటారు. ఉంది. రాతలో ఉంది. కానీ ఒక్కసారి ఆలోచించండి, మీ ఇంట్లో ఎవరైనా "అమ్మా, అన్నం వండబడిందా?" అని అడిగారా? అడగరు. అన్నం అయిందా అంటారు, వండావా అంటారు. మనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్ళోనే. ఈ ఊరి పిల్లలు "వండబడింది" అని పరీక్ష కోసం తెలుగుని విరగ్గొట్టుకుంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఇంగ్లీషు పాసివ్ అర్థం చేసుకోవడానికి తెలుగులో లేనిపోని "బడు" తగిలించక్కర్లేదు. మనకి మన దారులున్నాయి. "వాడు దెబ్బలు తిన్నాడు" అంటాం, "హి వాజ్ బీటెన్." "మోసపోయాడు" అంటాం, "హి వాజ్ చీటెడ్." "జీడిపప్పంతా అమ్ముడుపోయింది" అంటాం, "ఆల్ ద క్యాష్యూస్ వర్ సోల్డ్." "దొంగ పట్టుబడ్డాడు" అంటాం, "ద థీఫ్ వాజ్ కాట్." ఆ "పట్టుబడ్డాడు"లో బడు ఎంత హాయిగా ఒదిగిందో చూడండి. నోట్లో నలిగిన మాట గనక ఒదిగింది.

ఇంకో సంగతి. మీ దగ్గర విజయవాడ పిల్లల దగ్గర లేనిది ఒకటుంది. మీకు ఒడియా వచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. రెండు భాషలతో బుర్ర చెడిపోతోందని కొందరు తల్లులు దిగులుపడతారు. దిగులు వద్దమ్మా. ఈ పాఠానికి అది పెద్ద ఆస్తి.

ఒడియాలో "చేశారు" అని కర్త లేకుండా చెప్పాలంటే ఏమంటారు? గట్టిగా చెప్పు బాబూ. "కరాగలా." అద్దీ! ఆఫీసు గోడల మీద నోటీసుల్లో చూస్తుంటారు, "జణాయి దియాజాఉఛి" అని. ఎవరు తెలియజేస్తున్నారు? చెప్పరు. తెలియజేయడం జరుగుతోంది, అంతే. ఒడియా పాసివ్ పుస్తకాల్లోనే ఉండేది కాదు, బజార్లో తిరిగేది. ఇప్పుడు పక్కపక్కన రాస్తాను. "కరాజాఏ", "ఈజ్ డన్." "కరాజాఉఛి", "ఈజ్ బీయింగ్ డన్." "కరాజాఇఛి", "హాజ్ బీన్ డన్." "కరాగలా", "వాజ్ డన్." "కరాజిబ", "విల్ బి డన్." చూశారా? రెండు ముక్కలు అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. ఒడియాలో "కరా" కదలదు, దాని వెనకున్న ముక్క మారుతూ కాలం చెబుతుంది. ఇంగ్లీషులో "డన్" కదలదు, దాని ముందున్న ముక్క మారుతూ కాలం చెబుతుంది. వెనకది ముందుకొచ్చింది, అంతే తేడా. టీచర్లు ఎవరైనా ఉంటే దయచేసి క్లాసులో ఈ ఒడియా దారి ఒకసారి వాడి చూడండి. పిల్లలు ఎంత తొందరగా పట్టుకుంటారో మీరే చూస్తారు.

ఇక "ఎలా" అన్న సంగతి

సరే, ఎలా మార్చాలి? మీ గైడుల్లో పన్నెండు గళ్ళ పట్టిక ఉంటుంది. టెన్సుకో సూత్రం. అది బట్టీ పట్టి, పరీక్షలో ఒక గడి మర్చిపోయి ఏడుస్తారు. పట్టిక అక్కర్లేదు. ఒకే సూత్రం చాలు, జాగ్రత్తగా వినండి.

యాక్టివ్ వాక్యంలో అసలు క్రియ ఏ రూపంలో ఉందో చూడండి. పాసివ్‌లో ఆ రూపం "బి" తీసుకుంటుంది. అసలు క్రియ మూడో రూపంలోకి, అంటే వి-త్రీలోకి వెళ్ళిపోతుంది. కావిడి ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నట్టు, కాలం బరువు అసలు క్రియ మీంచి "బి" మీదకి మారుతుంది. బరువు అదే.

బరంపురం పట్టుచీర మీద చేద్దాం. క్రియ "వీవ్", నెయ్యడం. వీవ్, వోవ్, వోవెన్. "ద వీవర్ వీవ్స్ ద సారీ." వీవ్స్ అన్నది ఎస్ చేరిన రూపం. "బి"కి అలాంటి రూపం ఏది? "ఈజ్." కాబట్టి "ద సారీ ఈజ్ వోవెన్." ఇప్పుడు "ద వీవర్ వోవ్ ద సారీ." వోవ్ రెండో రూపం. "బి"కి రెండో రూపం? "వాజ్." "ద సారీ వాజ్ వోవెన్." తర్వాత "ద వీవర్ ఈజ్ వీవింగ్ ద సారీ." అసలు క్రియకి ఇంగ్ ఉంది. "బి"కి ఇంగ్ పెట్టండి, "బీయింగ్." ముందున్న ఈజ్ జోలికి పోకండి, అలాగే ఉంచండి. "ద సారీ ఈజ్ బీయింగ్ వోవెన్." తర్వాత "ద వీవర్ హాజ్ వోవెన్ ద సారీ." అసలు క్రియ మూడో రూపంలో ఉంది. "బి"కి మూడో రూపం "బీన్." "ద సారీ హాజ్ బీన్ వోవెన్." చివరగా "ద వీవర్ విల్ వీవ్ ద సారీ." క్రియ ఏ తోకా లేకుండా ఉంది. "బి" కూడా ఏ తోకా లేకుండా "బి" గానే. "ద సారీ విల్ బి వోవెన్." క్యాన్ అయినా అంతే, మస్ట్ అయినా అంతే, షుడ్ అయినా అంతే.

పట్టిక ఎక్కడికి పోయింది? అక్కర్లేకపోయింది. ఎస్ ఉంటే ఈజ్, ఇంగ్ ఉంటే బీయింగ్, వి-త్రీ ఉంటే బీన్, ఏమీ లేకపోతే బి, పాస్టు అయితే వాజ్. చీరలు అనేకం అయితే ఈజ్ ఆర్ అవుతుంది, వాజ్ వర్ అవుతుంది, అది మీకు తెలిసిందే. ఇక "హాజ్ బీన్ వీవింగ్" లాంటివాటిని పాసివ్ చేస్తే "హాజ్ బీన్ బీయింగ్ వోవెన్" అని వస్తుంది. ఎవరూ అలా రాయరు. వదిలెయ్యండి.

మార్చకూడనివి కూడా ఉన్నాయి. కర్మ లేని క్రియకి పాసివ్ లేదు. రావడం, పోవడం, నిద్రపోవడం, చనిపోవడం, జరగడం. కర్మే లేకపోతే ముందు కుర్చీలో కూర్చోడానికి ఎవరున్నారు? ఇది తెలిసినట్టే ఉంటుంది గాని కాగితం మీద "యాన్ ఆక్సిడెంట్ వాజ్ హాపెన్డ్" అని పెద్ద చదువులవాళ్ళు కూడా రాస్తారు. హాపెన్డ్, అంతే. వాజ్ వద్దు. "హి వాజ్ డైడ్" కాదు, "హి డైడ్." కర్మ ఉన్నా పాసివ్‌కి ఒప్పుకోని క్రియలు కొన్ని ఉన్నాయి. "ఐ హావ్ టూ బ్రదర్స్," దీన్ని ఎలా తిప్పినా కుదరదు. కాస్ట్, రిసెంబుల్ కూడా అంతే.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. మీరప్పుడు చిన్నపిల్లలు. పెద్దవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మన జిల్లా కొండల్లో ఎంత నష్టం జరిగిందో అందరం చూశాం. ఆ రోజు గురించి పేరా రాయమంటే ప్రతి వాక్యం దగ్గరా ఆగి ఆలోచించాలి. "చెట్లు పడిపోయాయి." పడడం, కర్మ లేదు, "ట్రీస్ ఫెల్." "వర్ ఫాలెన్" అనకూడదు. "రోడ్లు కొట్టుకుపోయాయి." నీళ్ళు కొట్టుకుపోయేలా చేశాయి, "రోడ్స్ వర్ వాష్డ్ అవే." "ఇళ్ళు కూలిపోయాయి." ఇక్కడ రెండు దారులున్నాయి, "హౌసెస్ కొలాప్స్డ్" అనొచ్చు, "హౌసెస్ వర్ డిస్ట్రాయ్డ్" అనొచ్చు. "మనుషులు పోయారు." ఇక్కడా రెండు. "పీపుల్ డైడ్" అంటే ప్రాణం పోయింది. "పీపుల్ వర్ కిల్డ్" అంటే కొండచరియ ప్రాణం తీసింది. పేపరువాళ్ళు తుపాను వార్తలో రెండోది ఎందుకు వాడతారో ఇప్పుడు మీకు తెలుస్తుంది. చంపినది ఒకటి ఉందని ఆ క్రియ చెబుతోంది.

ఒక్క క్రియ దగ్గర మాత్రం తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురుగా నడుస్తాయి. పుట్టడం. మనకి పుట్టడం మనం చేసే పని. ఇంగ్లీషులో తల్లి కంటుంది, బిడ్డ కనబడతాడు... ఆ, ఇక్కడ "బడు" పెడితే అర్థమే మారిపోయింది చూడండి! తల్లి కంటుంది, ఆ క్రియ "బేర్". బిడ్డ వైపు నుంచి పాసివ్, "వాజ్ బోర్న్." "వి.వి. గిరి వాజ్ బోర్న్ ఇన్ బెర్హాంపూర్ ఇన్ 1894." మన బరంపురంలో పుట్టి రాష్ట్రపతి అయిన తెలుగువాడు. "ఐ యామ్ బోర్న్ ఇన్" అని బయోడేటాల్లో కనబడుతుంది. యామ్ కాదు, వాజ్. పుట్టడం అయిపోయింది కదా.

ఒక ఉత్తరం

ఇప్పుడు బోర్డు తుడిచి ఒక ఉత్తరం రాద్దాం. మీ వీధిలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. ఇంజనీరు గారికి అప్లికేషను ఇవ్వాలి. పెద్దవాళ్ళు తెలుగులో చెబుతారు, మీరు ఇంగ్లీషులో రాయాలి. వీధివాళ్ళ మాటలు ఇవీ. "సోమవారం రాత్రి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. మంగళవారం కంప్లైంటు ఇచ్చాం. లైన్‌మేన్‌కి చెప్పారట. రెండ్రోజుల్లో కొత్తది పెడతామన్నారు. ఇంతవరకు పెట్టలేదు. తొందరగా పెట్టించండి."

మొదటి వాక్యం. కాలిపోయింది. ఎవరూ కాల్చలేదు. "ద ట్రాన్స్‌ఫార్మర్ బర్న్ట్ అవుట్ ఆన్ మండే నైట్." యాక్టివే. వాజ్ వద్దు. వాజ్ పెడితే ఎవరో తగలబెట్టారేమో అని చదివేవాడికి అనుమానం వస్తుంది.

రెండోది. కంప్లైంటు ఇచ్చాం. ఇక్కడ కర్త ఉన్నాడా లేడా? మాట కనబడకపోయినా "ఇచ్చాం"లోని "ఆం" చెబుతోంది, మేము అని. "ఆరు" వేరు, "ఆం" వేరు. "వి లాడ్జ్డ్ ఎ కంప్లైంట్ ఆన్ ట్యూస్‌డే." దీన్ని "ఎ కంప్లైంట్ వాజ్ లాడ్జ్డ్" అనొచ్చు గాని, నేనైతే అనను. ఇచ్చింది మనం. మనం అని ధైర్యంగా చెప్పాలి. అప్లికేషను అంటే పాసివ్‌లోనే ఉండాలి, పెద్దవాళ్ళ ముందు "వి" అనకూడదు అని ఒక భయం మనలో ఉంది. ఆ భయం వదలండి.

మూడోది. లైన్‌మేన్‌కి చెప్పారట. ఎవరు చెప్పారు? తెలియదు. అదిగో ఖాళీ కుర్చీ. "ద లైన్‌మ్యాన్ వాజ్ ఇన్‌ఫార్మ్డ్." నాలుగోది చూడండి, ఎంత అందంగా వస్తుందో. పెడతామన్నారు. అన్నవాళ్ళెవరో చెప్పక్కర్లేదు. పెట్టేవాళ్ళెవరో కూడా చెప్పక్కర్లేదు. "వి వర్ టోల్డ్ దట్ ఎ న్యూ వన్ వుడ్ బి ఇన్‌స్టాల్డ్ ఇన్ టూ డేస్." ఒకే వాక్యంలో రెండు పాసివ్‌లు. ఐదోది, "ఇట్ హాజ్ నాట్ బీన్ ఇన్‌స్టాల్డ్ సో ఫార్." ఆఖరిది, "ఇట్ మే కైండ్లీ బి ఇన్‌స్టాల్డ్" అని రాసే అలవాటు ఆఫీసుల్లో ఉంది. కానీ అడుగుతున్నది ఆయన్ని. ఆయన్నే అడగండి. "వి రిక్వెస్ట్ యు టు ఇన్‌స్టాల్ ఇట్ సూన్."

ఆరు వాక్యాలు రాశాం. కొన్ని యాక్టివ్, కొన్ని పాసివ్. ఏది ఎక్కడ పెట్టాలో ప్రతిసారీ మనమే నిర్ణయించుకున్నాం. ఇదీ వాయిసు అంటే.

తల్లిదండ్రులకి ఒక మాట. పాసివ్‌లో చేసినవాడు దాక్కోవచ్చు. ఆఫీసు నుంచి జవాబు వస్తుంది, "ద వర్క్ హాజ్ బీన్ కంప్లీటెడ్, ద అమౌంట్ హాజ్ బీన్ స్పెంట్." పని పూర్తయింది, డబ్బు ఖర్చయింది. ఎవరు పూర్తి చేశారు, ఎవరు ఖర్చు పెట్టారు? వాక్యం చెప్పదు. అలాంటి వాక్యం కనబడగానే మీ పిల్లల చేత "బై హూమ్?" అని అడిగించండి. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద రాసే అర్జీలో కూడా ఆ ప్రశ్నే పెట్టండి, పని చేసిందెవరు, ఏ తేదీన చేశారు, బిల్లు మీద సంతకం ఎవరిది అని. సైన్సు రికార్డులో "ద సొల్యూషన్ వాజ్ హీటెడ్" అని రాస్తే ఇబ్బంది లేదు, వేడి చేసింది నువ్వా నీ పక్కవాడా అన్నది అక్కడ ముఖ్యం కాదు. ఊరి చెరువు పూడిక డబ్బు దగ్గర ముఖ్యం.

టైము అవుతోంది, చీటీల్లో వచ్చిన ప్రశ్నలు తొందరగా చూస్తాను.

"సార్, ప్రతిసారీ బై యే రావాలా, వేరేవి రావా?" వస్తాయి. నోన్ టు, ఫిల్డ్ విత్, ఇంటరెస్టెడ్ ఇన్, సర్‌ప్రైజ్డ్ ఎట్. ఇవి క్రియతో జతగా నేర్చుకోవాలి, సూత్రం లేదు.

"రెండు కర్మలుంటే ఏది ముందు పెట్టాలి?" "ద హెడ్‌మాస్టర్ గేవ్ ద గర్ల్ ఎ ప్రైజ్." "ద గర్ల్ వాజ్ గివెన్ ఎ ప్రైజ్" అనొచ్చు, "ఎ ప్రైజ్ వాజ్ గివెన్ టు ద గర్ల్" అనొచ్చు. రెండూ ఒప్పే. మనుషుల్ని ముందు పెట్టడం ఇంగ్లీషులో ఎక్కువ. అమ్మాయి గురించి చెబుతుంటే అమ్మాయినే ముందు పెట్టు.

"ప్రశ్న వాక్యం ఎలాగండి?" ముందు మామూలు వాక్యంగా మార్చు, తర్వాత ప్రశ్న చెయ్యి. "డిడ్ షి వీవ్ ద సారీ?" డిడ్ తీసేస్తే "షి వోవ్ ద సారీ." మారిస్తే "ద సారీ వాజ్ వోవెన్ బై హర్." ఇప్పుడు వాజ్‌ని ముందుకి లాగు, "వాజ్ ద సారీ వోవెన్ బై హర్?" అయిపోయింది. హూ తో మొదలైతే "బై హూమ్" తో మొదలుపెట్టు, "బై హూమ్ వాజ్ ద సారీ వోవెన్?"

"సమ్‌వన్ స్టోల్ మై సైకిల్, దీనికి బై సమ్‌వన్ రాయకపోతే మార్కు కట్ చేస్తారా?" "మై సైకిల్ వాజ్ స్టోలెన్" అంటే చాలు, అదే మంచి ఇంగ్లీషు. సమ్‌వన్, పీపుల్, దే, ఇలాంటివాటికి బై అక్కర్లేదు. ఎవరో తెలిస్తే పోలీసులకి చెబుతావు కదా బాబూ.

ఆఖరి చీటీ. "మేడ్ హిమ్ క్రై ని మారిస్తే టు ఎక్కణ్ణించి వచ్చింది?" యాక్టివ్‌లో మేక్ తర్వాత టు ఉండదు, పాసివ్‌లో ఉంటుంది. "హి వాజ్ మేడ్ టు క్రై." దీనికి కారణం వెతక్కుండా గుర్తుపెట్టుకోండి.

ట్రాన్స్‌ఫార్మరు ఉత్తరం బోర్డు మీద ఉంచుతున్నాను, వెళ్ళేముందు రాసుకోండి. వచ్చే ఆదివారానికి మీ వీధి గురించి ఒక నిజమైన ఉత్తరం ఇలాగే రాసుకురండి, నేను చూస్తాను.